కుండ ఖాళీ కాని చలివేంద్రం

దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న కంప్యూటర్ రిపేరు షాపు ఉందనుకుందాం. జగిత్యాల నుంచి వెళ్ళిన కుర్రాడొకడు అందులో పనిచేస్తున్నాడు. పక్క క్యాంపులో ఉండే సూపర్‌వైజర్, అతనూ తెలుగువాడే, పాత ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "తమ్మీ, ఇండ్ల లెటర్లు కొట్టుకోవాలె, లెక్కలు ఏసుకోవాలె, తెలుగు గూడ రావాలె" అన్నాడు. కుర్రాడు సాయంత్రమంతా కూర్చుని డిస్కు శుభ్రం చేశాడు, లినక్స్ ఎక్కించాడు, లిబ్రెఆఫీస్ పెట్టాడు, తెలుగు కీబోర్డు సర్దాడు, నాలుగు తెలుగు ఫాంట్లు వేశాడు. 60 రియాళ్ళు తీసుకున్నాడు. వారం తిరక్కుండానే సూపర్‌వైజర్ మళ్ళీ వచ్చాడు, ఈసారి కోపంగా. "గిదంత నెట్ల ఫ్రీగనే దొరుకుతదట గదనే! ఫ్రీగ దొరికేదానికి నా దగ్గర పైసలెట్ల తీసుకుంటివి?"

ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్న గురించే.

అతని కోపాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. క్యాంపులో ఉండేవాడికి 60 రియాళ్ళు చిన్న డబ్బేం కాదు. పైగా ఆ ప్రశ్న వెనక మన ఊళ్ళ పాత న్యాయం ఒకటి ఉంది. ఎండలు ముదిరితే కూడలిలో ఎవరో పుణ్యాత్ములు చలివేంద్రం పెడతారు. ఇంకెవడో వచ్చి ఆ కుండల్లో నీళ్ళు సీసాల్లోకి ఒంపుకుని, బస్టాండుకు పోయి అమ్మాడనుకోండి. ఊరు ఊరుకుంటుందా?

ఊరుకోదు, రెండు కారణాల వల్ల. అతను ఒంపుకుపోయినంత మేరా కుండ ఖాళీ అవుతుంది, తర్వాత దాహంతో వచ్చిన ముసలమ్మకు నీళ్ళుండవు. ఇది మొదటిది. బస్టాండులో కొనుక్కున్నవాడికి ఆ నీళ్ళు ఎక్కడివో తెలియదు, తెలిస్తే నాలుగడుగులు వేసి తనే తాగి వచ్చేవాడు. ఇది రెండోది. మొదటి కారణం లేమికి సంబంధించింది, రెండోది మోసానికి సంబంధించింది. మన మనసు ఈ రెంటినీ కలిపి ఒకే కోపంగా మారుస్తుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి తికమకపడతాం.

సాఫ్ట్‌వేర్ అనే కుండకు ఖాళీ కావడం తెలియదు. దోహా కుర్రాడు లిబ్రెఆఫీస్ కాపీ తీసుకున్నాక కూడా అది ఎక్కడుందో అక్కడ అంతే ఉంది. పదిమంది తీసుకున్నా అంతే, పది లక్షల మంది తీసుకున్నా అంతే. ఒకరు వాడితే ఇంకొకరికి తగ్గని సరుకులను అర్థశాస్త్రం వేరే జాతిగా లెక్కగడుతుంది. ఎక్కాల పట్టిక, వంట చేసే పద్ధతి, పాట వరస ఈ జాతివే. సూపర్‌వైజర్ కోపంలో మొదటి సగానికి ఇక్కడ ఆధారం లేదు. ఎవరి నీళ్ళూ ఎవరూ ఎత్తుకుపోలేదు. ఇక మోసం మాట మిగిలింది. అసలు కథ అక్కడే ఉంది.

ఈ తికమకలో కొంత పాపం ఇంగ్లీషుది. ఆ భాషలో స్వేచ్ఛకూ ఉచితానికీ 'ఫ్రీ' అని ఒకటే మాట. లిబ్రెఆఫీస్ లాంటివాటిని 'ఫ్రీ సాఫ్ట్‌వేర్' అన్నప్పుడు ఉద్దేశం స్వేచ్ఛే. మనకు రెండు మాటలున్నాయి. అరబీకీ ఉన్నాయి: 'హుర్ర్' అంటే స్వేచ్ఛ గలది, 'మజ్జానీ' అంటే డబ్బు పెట్టక్కర్లేనిది. హైదరాబాద్ కేంద్రంగా తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసిన బృందం తన పేరు 'స్వేచ్ఛ' అని పెట్టుకుంది. ఆ పేరు పెట్టినవాళ్ళకు విషయం ఎంత స్పష్టంగా తెలుసో ఆ ఒక్క మాటే చెబుతుంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్మన్ తొలినాళ్ళలో ఎలా బతికాడో చూడండి. గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టును 1983లో ప్రకటించాడు. ఉద్యోగం వదులుకున్నాడు. 1985లో తను రాసిన ఈమాక్స్ ఎడిటర్‌ను టేపు మీద ఎక్కించి, కావలసినవాళ్ళకు 150 డాలర్లకు అమ్మాడు. రియాలుకు ఉన్న స్థిరమైన మారకం రేటు ప్రకారం అది 546 రియాళ్ళు, అంటే మన కుర్రాడి బిల్లుకు తొమ్మిది రెట్లు. నెట్‌వర్కు అందుబాటులో ఉన్నవాళ్ళు అదే ఈమాక్స్‌ను పైసా ఇవ్వకుండా తీసుకునేవాళ్ళు. నెట్‌వర్కు లేనివాళ్ళు టేపు కొనుక్కునేవాళ్ళు. కొన్న టేపును ఇంకొకరికి కాపీ చేసి ఇచ్చుకునే హక్కు వాళ్ళకుండేది, ఆ కాపీని అమ్ముకునే హక్కూ ఉండేది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అమ్మకం ఆ ఉద్యమం పుట్టిన ఇంట్లోనే మొదలైంది.

లినస్ టోర్వాల్డ్స్ దీనికి ఎదురు దారిలో బయలుదేరాడు. 1991లో లినక్స్‌ను తొలిసారి బయటపెట్టినప్పుడు దాన్ని పంచేటప్పుడు ఎవరూ డబ్బు తీసుకోకూడదని షరతు పెట్టాడు. చేరవేత ఖర్చులకు కూడా తీసుకోకూడదు. వినడానికి ఎంతో ఉదారంగా ఉంది. ఆచరణలో అది కాళ్ళకు అడ్డం పడింది. యూనిక్స్ వాడకందార్లు సమావేశమయ్యే చోట ఫ్లాపీల మీద లినక్స్ ఎక్కించి పంచుదామని కొందరు ముందుకొచ్చారు. ఫ్లాపీకి డబ్బవుతుంది, ఎక్కించడానికి గంటలు పడుతుంది. ఆ ఖర్చయినా తీసుకోవచ్చా అని వాళ్ళు అడిగారు. లైసెన్సు ప్రకారం కుదరదు. తను ఆపాలనుకున్నది డబ్బును కాదనీ, కోడ్ తిరిగి మూతపడిపోవడాన్ననీ టోర్వాల్డ్స్‌కు అప్పుడు తెలిసివచ్చింది. 1992 ఆరంభంలో లినక్స్‌ను జీపీఎల్ అనే లైసెన్సు కిందికి మార్చాడు. ఆ మార్పు లేకపోతే లినక్స్ సీడీలు అమ్మిన కంపెనీలు పుట్టేవి కావు. వాటిలో ఒకటైన రెడ్ హ్యాట్‌ను 2019లో ఐబీఎం 34 బిలియన్ డాలర్లకు కొనేదీ కాదు.

జీపీఎల్ అడిగేదేమిటి? కాపీకి ఎంత ధరైనా పెట్టుకో, అసలు పెట్టకపోయినా సరే, మరమ్మతుకూ హామీకీ విడిగా డబ్బు తీసుకో అంటుంది. అయితే కొన్నవాడికి సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్ రాసిన అసలు పాఠం, అందుబాటులో ఉంచాలి, లైసెన్సు ప్రతి ఇవ్వాలి, నీకున్న హక్కులన్నీ అతనికీ ఉండాలి. మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, తిరిగి అమ్ముకోవచ్చు.

ఇందులో ఒక అందమైన యంత్రాంగం దాగి ఉంది. కాపీ ధర మీద పరిమితి లేదు, అయినా ధర దానంతటదే దిగివస్తుంది. నేను వెయ్యి రియాళ్ళకు అమ్మాననుకోండి. కొన్నవాడు మరునాడే దాన్ని పదికి అమ్మొచ్చు, ఊరికే ఇవ్వొచ్చు. కాబట్టి కేవలం కాపీకి పెద్ద ధర నాలుగు రోజులు కూడా నిలవదు. నిలిచేది కాపీకి తోడు నేను చేసిన పనికి కట్టిన విలువ మాత్రమే. దోహా నీళ్ళ సంగతే చూడండి. ఖతార్‌లో ఒక్క నదీ లేదు. అక్కడ తాగే నీళ్ళు దాదాపు అన్నీ సముద్రపు నీటిలో ఉప్పు తీసి తెచ్చుకున్నవే. సముద్రం ఎవరి సొత్తూ కాదు. అంతమాత్రాన రాస్ అబూ ఫోంతాస్ ప్లాంటులో ఉప్పు తీసిన నీటికి ఖర్చు లేదనలేం. దోహా కుర్రాడు తీసుకున్నది ఉప్పు తీసిన కూలి.

మరి ఈ షరతులు ఎడారి దేశంలో చెల్లుతాయా? చెల్లుతాయి. కాపీరైటు మీద ఖతార్ 2002లో చేసిన 7వ నంబరు చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములను కూడా రక్షణ గల రచనల్లో చేర్చింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే కాపీరైటు లేని సాఫ్ట్‌వేర్ అని చాలామంది అనుకుంటారు. నిజం దీనికి తలకిందులు. రాసినవాడికి హక్కు ఉంది కాబట్టే షరతు పెట్టగలిగాడు. షరతు మీరినవాడికి అనుమతి పోతుంది, అప్పుడతను మామూలు కాపీరైటు దొంగ అవుతాడు. జర్మనీలో మ్యూనిక్ కోర్టు 2004లోనే ఈ వాదాన్ని ఒప్పుకుంది. రౌటర్లలో లినక్స్ కోడ్ వాడుతూ జీపీఎల్ షరతులు పాటించని కంపెనీ మీద ఉత్తర్వు ఇచ్చింది. రౌటర్లు అమ్మినందుకు ఆ కంపెనీని ఎవరూ తప్పుపట్టలేదు. లోపల ఏముందో, ఏ షరతు మీద ఉందో కొన్నవాళ్ళకు చెప్పనందుకు తప్పుపట్టారు.

ఇక దోహాలోనే పుట్టిన కోడ్ దగ్గరికి వద్దాం. ఖతార్ ఫౌండేషన్ 2010లో ఖతార్ కంప్యూటింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించింది. ఇప్పుడది ఎడ్యుకేషన్ సిటీలో హమద్ బిన్ ఖలీఫా యూనివర్సిటీలో భాగం. అక్కడి పరిశోధకులు జర్మనీలోని హాసో ప్లాట్‌నర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళతో కలిసి 'రీమ్' అనే వ్యవస్థ తయారుచేశారు. పెద్ద పెద్ద డేటాను నమలడానికి రకరకాల ఇంజన్లున్నాయి: స్పార్క్, ఫ్లింక్, పోస్ట్‌గ్రెస్ వగైరా. ఏ పనికి ఏ ఇంజను చవకో, ఏది వేగమో మనిషి ముందే ఊహించి కోడ్ రాయాలి. రీమ్ ఆ తలనొప్పి తనమీద వేసుకుంటుంది. పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు అయ్యే ఖర్చు అంచనా వేసి, తగిన ఇంజనుకు అప్పగిస్తుంది.

2020 డిసెంబరులో ఈ రీమ్ అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఇంక్యుబేటర్‌లో చేరింది. పేరు వయాంగ్‌గా మారింది. వయాంగ్ అంటే జావా వాళ్ళ తోలుబొమ్మలాట. మన తోలుబొమ్మలాట చూసినవాళ్ళకు ఆ పేరు ఎంత బాగా కుదిరిందో చెప్పనక్కర్లేదు: తెర వెనక ఒక్క మనిషి, తెర మీద ఎన్నో బొమ్మలు. దోహా డబ్బుతో, దోహా ల్యాబులో పెరిగిన కోడ్ అలా ప్రపంచంలో ఎవరైనా వాడుకోగల ఆస్తి అయింది. తర్వాత రీమ్ మీద పనిచేసిన పరిశోధకులు కొందరు భాగస్వాములుగా డేటాబ్లూమ్ అనే కంపెనీ వచ్చింది. వయాంగ్‌ను పునాదిగా పెట్టుకుని అది తన సరుకు అమ్మింది. ఖతార్ దీనికి అడ్డు చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. అపాచీ లైసెన్సు అడిగేది తక్కువ. కాపీరైటు గుర్తులు చెరిపేయొద్దు, మార్చిన ఫైళ్ళలో మార్చామని రాయండి, లైసెన్సు ప్రతి జతచేయండి, మా పేరును మీ సరుకు మీద ముద్రగా వాడుకోవద్దు. సోర్స్ కోడ్ ఇచ్చి తీరాలన్న జీపీఎల్ పట్టుదల దీనిలో లేదు. నా మటుకు నాకు జీపీఎల్ దారే ఎక్కువ ఇష్టం, కొన్నవాడి చెయ్యి ఎప్పుడూ పైన ఉండేది దానిలోనే. కానీ ఏ తలుపు ఎంత తెరవాలో నిర్ణయించేది కోడ్ రాసినవాళ్ళే. వాళ్ళు తెరిచిన మేరకు లోపలికి వెళ్ళడం దొంగతనం అనిపించుకోదు.

అదే ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టిన ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, దాని పేరు ఫరాసా. అరబీ మాటలను విడగొట్టే పనిముట్టు అది. అరబీలో 'మరియు', 'మన' లాంటి చిన్న మాటలు పెద్ద మాటకు ముందూ వెనకా అంటుకుపోతాయి. సంధి విడదీయకుండా తెలుగు వాక్యాన్ని యంత్రానికి నేర్పడం ఎంత కష్టమో అరబీకీ అంతే కష్టం. ఫరాసా ఆ పని చాలా వేగంగా చేస్తుంది. పరిశోధకులకు డబ్బు లేకుండానే దొరుకుతుంది. కానీ అది పరిశోధన కోసం మాత్రమేననీ, వేరే అవసరానికైతే మమ్మల్ని సంప్రదించాలనీ షరతు ఉంది. కాబట్టి ఫరాసాను డౌన్‌లోడ్ చేసి అమ్మితే తప్పే. ఒకే ఇంట్లోంచి వచ్చిన రెండు ప్రోగ్రాములు, రెండూ ఊరికే దొరికేవే, ఒకటి అమ్మొచ్చు, ఇంకొకటి అమ్మకూడదు. ఊరికే దొరకడాన్ని బట్టి ఏదీ తేలదు. లోపలున్న లైసెన్సు చదవాలి.

దోహా ఈ పాఠాన్ని సాఫ్ట్‌వేర్ బయట కూడా ఒకసారి ప్రపంచానికి చూపించింది. 2009 జనవరిలో గాజాలో యుద్ధం జరుగుతోంది. విదేశీ విలేకరులను లోపలికి రానివ్వడం లేదు. దోహా కేంద్రంగా పనిచేసే అల్ జజీరా విలేకరులు మాత్రం అక్కడ ఉన్నారు. తాము తీసిన దృశ్యాలను ఆ సంస్థ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద బయటపెట్టింది. పేరు చెబితే చాలు, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, వ్యాపారానికి వాడుకోవచ్చు. పోటీ చానళ్ళకు కూడా ఇదే మాట. పోటీదారు నీ దృశ్యాలు చూపించి ప్రకటనల డబ్బు సంపాదించుకున్నా ఫరవాలేదని ఒక వార్తా సంస్థ ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. వాళ్ళు అడిగింది ఒక్కటే, ఎవరు తీశారో చెప్పమని.

దోహాకే చెందిన క్రీడా చానళ్ళ సంస్థ బీఇన్ అనుభవం దీనికి సరిగ్గా అవతలి గట్టు. 2017లో బీఅవుట్‌క్యూ అనే పేరుతో సౌదీ అరేబియాలో ఒక ముఠా బీఇన్ క్రీడా ప్రసారాలను ఎత్తుకుని, తన ముద్ర వేసుకుని టీవీ పెట్టెల ద్వారా అమ్మింది. ఖతార్ ఈ గొడవను ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా తీసుకెళ్ళింది. కాపీరైటు దొంగతనం మీద క్రిమినల్ చర్యలు తీసుకోవాల్సిన బాధ్యతను సౌదీ అరేబియా నెరవేర్చలేదని 2020 జూన్‌లో ప్యానెల్ తేల్చింది. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది. ఒకచోట ఇచ్చినవాడు ఇచ్చాడు, ఇంకోచోట ఇవ్వనిదాన్ని లాక్కున్నారు. టీవీ పెట్టెల్లో వాడే కోడీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ది మూడో రకం బాధ. దాన్ని పెట్టెలో వేసి అమ్మడం పూర్తిగా సక్రమం. దానికి దొంగ ప్రసారాల తోకలు తగిలించి, కోడీ పేరే పెట్టి అమ్మేవాళ్ళ వల్ల తమ పేరు పాడవుతోందని దాన్ని తయారుచేసేవాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. కోడ్ ఇచ్చామంటే పేరు కూడా ఇచ్చేసినట్టు కాదు.

అయితే చట్టం ఒప్పుకున్నదంతా మనసు ఒప్పుకుంటుందా? ఇది నిజంగా కష్టమైన ప్రశ్న. దోహాలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను (ఓపెన్ సోర్స్ అన్నా దాదాపు ఇదే) పెద్ద ఎత్తున తిరిగి అమ్మేది రిపేరు షాపు కాదు. మైక్రోసాఫ్ట్ 2022లో ఖతార్‌లో క్లౌడ్ కేంద్రం తెరిచింది, గూగుల్ 2023లో దోహాలో తెరిచింది. అవి వాడకాన్ని బట్టి అద్దెకిచ్చే డేటాబేసుల్లో పోస్ట్‌గ్రెస్ ఉంది. అది ఎవరైనా ఊరికే దింపుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఆ అద్దె కరెంటుకు, యంత్రాలకు, రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉండే మనుషులకు. పోస్ట్‌గ్రెస్ రాసే సమూహం దీన్ని అభ్యంతరపెట్టదు. అందరూ అలా సర్దుకోలేదు. షే బానన్ 2010లో బయటపెట్టిన ఎలాస్టిక్‌సెర్చ్‌ను అమెజాన్ 2015 నుంచి తన క్లౌడ్‌లో సేవగా అమ్మింది. రాసిన కంపెనీకి కడుపు మండింది. 2021లో ఎలాస్టిక్ తన లైసెన్సు మార్చి, సేవగా అమ్మేవాళ్ళకు కఠినమైన షరతులు పెట్టింది. అమెజాన్ పాత కోడ్ తీసుకుని ఓపెన్‌సెర్చ్ అని వేరు కుంపటి పెట్టింది. 2024లో ఎలాస్టిక్ మళ్ళీ ఓపెన్ సోర్స్ లైసెన్సు ఒకటి చేర్చింది. అది ఏజీపీఎల్. మార్చిన కోడ్‌ను నెట్‌వర్కు మీద సేవగా నడిపేవాడు కూడా సోర్స్ ఇవ్వాలని అది అడుగుతుంది.

అమెజాన్ చేసింది చట్టవిరుద్ధం కాదు. కానీ చెట్టు నాటినవాడి కంటే వెయ్యి రెట్లు బలమున్నవాడు వచ్చి పళ్ళు కోసుకుంటుంటే నాటినవాడికి కలిగే నొప్పి అబద్ధం కాదు. ఆ నొప్పికి మందు అమ్మకాన్ని నిషేధించడంలో దొరకదని నా నమ్మకం. నిషేధిస్తే ముందు దెబ్బ తినేది దోహా కుర్రాడే. 2022లో మైక్రోసాఫ్ట్ తన యాప్ స్టోర్‌లో, మామూలుగా ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద లాభం తీసుకోకూడదని నిబంధన పెట్టబోయింది. నకిలీ అమ్మకందార్లను ఆపడమే ఉద్దేశమంది. కానీ క్రిటా లాంటి చిత్రలేఖన సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళు తమ సొంత సైట్‌లో ఉచితంగా ఇస్తూ, స్టోర్‌లో డబ్బుకు అమ్ముకుని ఆ డబ్బుతో పని సాగిస్తున్నారు. ఆ నిబంధన వాళ్ళ నోటికాడ కూడు తీసేది. గట్టిగా నిరసన వచ్చాక మైక్రోసాఫ్ట్ ఆ మాటను తీసేసింది. మన కుర్రాడు ఎక్కించిన లిబ్రెఆఫీస్‌నే దాని మాతృసంస్థ డాక్యుమెంట్ ఫౌండేషన్ 2022లో ఆపిల్ స్టోర్‌లో 8.99 యూరోలకు అమ్మకానికి పెట్టింది. సొంత సైట్‌లో మాత్రం ఎప్పటిలాగే ఉచితం.

తెలుగు ఫాంట్ల సంగతి ఇంకొక్కటి ఉంది, అది అన్నిటికంటే సున్నితం. మండలి, ఎన్టీఆర్, రామభద్ర వంటి ఫాంట్లను సిలికానాంధ్ర ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద మనకిచ్చింది. పుస్తకం వేసి అమ్ముకోవచ్చు, పెళ్ళిపత్రిక అచ్చేసి అమ్ముకోవచ్చు, సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్ముకోవచ్చు. ఫాంటును మాత్రం విడిగా, ఫాంటుగా అమ్మకూడదు. మన కుర్రాడు బిల్లులో 'తెలుగు ఫాంట్లు, 10 రియాళ్ళు' అని ఒక గీత రాసి ఉంటే ఆ గీత తప్పయ్యేది. ఎక్కించినందుకు కూలి అని రాస్తే తప్పులేదు.

కాబట్టి అతని 60 రియాళ్ళు న్యాయమైనవే. అతను చేయాల్సిందొకటి మిగిలిపోయింది, అదే సూపర్‌వైజర్ కోపానికి అసలు కారణం. బిల్లు ఇచ్చేటప్పుడు నోరు తెరిచి చెప్పలేదు. ఇలాంటి షాపు నడిపే తెలుగువాళ్ళందరినీ నేను అడిగేది ఇదే: బిల్లు మీద రాయండి. "లినక్స్, లిబ్రెఆఫీస్ ఎక్కించి తెలుగు సర్దినందుకు కూలి 60 రియాళ్ళు. సాఫ్ట్‌వేర్‌కు ధర లేదు. దీన్ని మీరు ఎవరికైనా ఇవ్వొచ్చు." ఆ చివరి వాక్యం చదివిన సూపర్‌వైజర్ తన గదిలో ఉన్న మిగతా వాళ్ళకు కూడా ఆ సాయంత్రమే కాపీ ఇచ్చుకోవచ్చు. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఇంకో రియాలూ కట్టక్కర్లేదు.